మాణిక్యాంబగారి ఒకే కిటికీ

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఈ చివర పెట్టిన అర్జీ ఆ చివరికి చేరేలోపు పెట్టినవాడికి మనవలు పుట్టేంత పెద్ద అడవిలో, సోమాచారి అనే వడ్రంగి పిట్ట ఉండేవాడు.

చెట్లకి తొర్రలు చెయ్యడం అతని వృత్తి. తాత చేశాడు, తండ్రి చేశాడు, ఇతనూ చేస్తున్నాడు. గుడ్లగూబ పగలంతా నిద్రపోయే తొర్ర, మైనా కాపురం పెట్టిన తొర్ర, ఉడత గింజలు దాచి ఎక్కడ దాచిందో మరిచిపోయే తొర్ర, అన్నీ ఆ ఇంటి పనితనమే. సోమాచారి మాటలు తక్కువ. పొద్దస్తమానం చెట్టుకి తల బాదుకునేవాడికి మాట్లాడే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందని అతని భార్య అనేది. ఆవిడ ఏ చెట్టుకీ తల బాదుకోదు. అది ఆవిడ మాటల్లో తెలుస్తూనే ఉండేది.

ఆ ఏడాది మృగరాజు పొరుగు అడవికి చుట్టపుచూపుగా వెళ్లాడు. ఊరికే రాకుండా ఒక ఆలోచన పట్టుకొచ్చాడు.

"అక్కడ ఎవరు ఏ పని మొదలుపెట్టాలన్నా ఒకే కిటికీ దగ్గరికి వెళితే చాలట. మన దగ్గర ఎన్ని ఉన్నాయి?" అని కార్యదర్శిని అడిగాడు.

కార్యదర్శి కొంగ పరాంకుశం. ఎప్పుడు చూసినా మల్లెపువ్వులాంటి బట్టలు, ఒంటికాలి జపం, సగం మూసిన కళ్లు. ఆయన మడుగు ఒడ్డున నిలబడితే చేపలు తప్ప అందరూ దణ్ణం పెట్టేవారు.

"ఏడు గుమ్మాలున్నాయి ప్రభూ. అందులో ఒకటి చిరుతపులిది. అక్కడికి వెళ్లిన దరఖాస్తులు తిరిగొస్తున్నాయి గానీ, దరఖాస్తుదార్లు రావడం లేదు."

"ఏడూ మూసెయ్. ఒక్క కిటికీ తెరువు. వారంలో కావాలి."

పరాంకుశం అడవంతా గాలించాడు. గుహకి కిటికీ ఉండదు. కలుగుకి కిటికీ ఉండదు. గూటికైతే ఒళ్లంతా కిటికీయే. ఆరో రోజున ఒక ముసలి తాని చెట్టు ముందు ఆయన రెక్కలు ఆగిపోయాయి.

ఆ చెట్టు తొర్రలో కొమ్ముపక్షి మాణిక్యాంబ గారున్నారు. ముక్కు మీద ఇంకో ముక్కు బోర్లించినట్టుండే ఆ పక్షుల ఇళ్లలో ఒక ఆచారం ఉంది. గుడ్లు పెట్టే కాలం రాగానే ఆడపక్షి తొర్రలోకి వెళ్లి, లోపలినుంచి మట్టితో తలుపు మెత్తేసుకుంటుంది. ముక్కు కొన పట్టేంత సందు మాత్రం వదులుతుంది. పిల్లలకి ఈకలొచ్చేదాకా, అంటే మూడు నెలల పాటు, బయటికి రాదు. మొగుడు పళ్లు తెచ్చి ఆ సందులోంచి నోటికందించాలి. మాణిక్యాంబ గారు తలుపు మెత్తుకున్నది ముందు రోజే. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది.

పరాంకుశం ఒంటికాలి మీద నిలబడి తనివితీరా చూశాడు. ఒకే కిటికీ. తలుపు లేదు. లోపలున్నావిడ ఎక్కడికీ పోదు. భోజనానికి లేవదు, సెలవు పెట్టదు, బదిలీ అడగదు.

"ఇంతకంటే అధికారి మనకి ఎక్కడ దొరుకుతారు ప్రభూ," అన్నాడు వెళ్లి.

మృగరాజు సంతోషించి ఆవిణ్ణి అనుమతుల అధికారిగా వేశాడు. మాణిక్యాంబ గారూ కాదనలేదు. మూడు నెలలు ఊరికే గోడ చూస్తూ కూర్చునేకంటే, ఎవరో ఒకరి దరఖాస్తు తిప్పి పంపుతూ కూర్చుంటే పొద్దు పోతుంది కదా అనుకున్నారు.

మర్నాడు చాటింపు పడింది. ఇకనుంచి అడవిలో తవ్వాలన్నా, తొలవాలన్నా, అల్లాలన్నా, అమ్మాలన్నా ఉన్న ఒకే ఒక్క కిటికీ దగ్గర అనుమతి తీసుకోవాలి. తీసుకోకుండా పని చేసినవాడి పనిముట్టుకి తుమ్మబంక పూసి సీలు వేస్తారు.

సోమాచారి పనిముట్టు అతని ముక్కు. తిండి తినేదీ దానితోనే. అతను ఆ మాట రెండుసార్లు విన్నాడు.

సరిగ్గా ఆ సాయంత్రమే రామచిలుక వరాలమ్మ వచ్చి అతని కొమ్మ మీద వాలింది.

"ఆచారన్నా, ఇంకో పన్నెండు రోజుల్లో గుడ్లు పెట్టేస్తాను. నా పాత తొర్రలో ఉడుము దూరి కూర్చుంది. అదేమిటంటే అద్దెకున్నానంటుంది. ఎవరికిస్తున్నావే అద్దె అంటే నాలిక చాపుతుంది. ఆ ఎండు మద్దిచెట్టుకి చిన్న తొర్ర చేసిపెట్టు, నీ పుణ్యముంటుంది."

సోమాచారి వెళ్లి మద్దిచెట్టుని రెండుచోట్ల తట్టి చూశాడు. "రెండు రోజుల పని. కానీ ముందు అనుమతి తెచ్చుకోవాలిట."

"మీ తాత ఎవర్నడిగి తొలిచాడు?"

"చాటింపు విన్లేదా?"

"వినకపోవడమేం, వేసిందే నేను," అంది వరాలమ్మ. "చెప్పమన్నది చెప్పాను. అర్థం నన్నడక్కు."

తెల్లారేసరికి సోమాచారి తాని చెట్టు దగ్గరున్నాడు. మొదటివాడు అతనే. సందులో ముక్కు కొన కనబడింది. దాని వెనక ఒక కన్ను.

"ఏం పని?"

"తొర్ర పెట్టాలమ్మగారూ. చిలకమ్మకి."

"టేకాకు మీద దరఖాస్తు. మూడు ప్రతులు. చెట్టు ఎండిందని ధ్రువీకరణ. చెట్టులో కాపురం ఉన్నవాళ్లకి అభ్యంతరం లేదని సంతకం."

"అందులో ఎవరూ లేరమ్మగారూ, చీమలు తప్ప."

"అయితే చీమల సంతకం."

"అమ్మగారూ, నేను వాళ్లని తింటాను."

కన్ను ఒకసారి మూసుకుని తెరుచుకుంది. "అయితే మరీ ముఖ్యం."

సోమాచారి మద్దిచెట్టు దగ్గరికి వెళ్లి చీమల పెద్దని పిలిపించాడు. వయసు మళ్లిన చీమ. అతని తండ్రి కాలం నుంచి తప్పించుకుంటూ వస్తోంది.

"సంతకానికేం నాయనా, పెడతాం," అంది. "కానీ అది పెట్టేదాకా నువ్వు మమ్మల్ని తినకూడదు కదూ?"

"తినను. సంతకం పెట్టాల్సినవాళ్లని తింటే దరఖాస్తు చెల్లదన్నారు."

"పెట్టాక?"

సోమాచారికి అబద్ధం చేతకాదు. ముక్కు బెరడుకేసి రుద్దుకున్నాడు.

"అదీ సంగతి. మా పరిశీలనలో ఉందని రాసుకో నాయనా. తొందరేముంది."

కొత్త పద్ధతి వల్ల ఆ అడవిలో హాయిగా బతికింది ఆ చీమలొక్కటే. వాటి పిల్లలు సోమాచారి కాలి మీదనుంచే బారులు కట్టి నడిచేవి. అతను మొహం తిప్పుకుని పక్క చెట్టు పురుగులతో సరిపెట్టుకున్నాడు.

మూడో రోజు మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లి ఉన్నమాట చెప్పాడు.

"సరే, చీమలది తర్వాత జతపరుచు," అన్నారు మాణిక్యాంబ గారు, పెద్ద మనసుతో. "ఇప్పుడు స్థల పరిశీలన. తొర్ర ఎక్కడ చేస్తావో నేను స్వయంగా చూడాలి."

"రండమ్మగారూ, దగ్గరే."

కన్ను సందులోంచి తప్పుకుని మళ్లీ వచ్చింది.

"నేను రాలేను."

"ఎప్పుడు రాగలరు?"

"పిల్లలకి ఈకలొచ్చాక."

"ఎవరి పిల్లలకి?"

"నా పిల్లలకి."

"తమరింకా గుడ్లే పెట్టలేదు కదమ్మగారూ."

"అది నా సొంత విషయం," అన్నారు మాణిక్యాంబ గారు. పరాంకుశానికి కబురెళ్లింది.

పరాంకుశం ఆలోచిస్తున్నాడని తెలిసేది కాలు మార్చినప్పుడే. ఆ రోజు రెండుసార్లు మార్చాడు. "నిబంధన సవరిద్దాం. అధికారి స్థలం దగ్గరికి రాలేనప్పుడు స్థలమే అధికారి దగ్గరికి రావాలి."

"చెట్టునెట్లా తెచ్చేదండీ?" అన్నాడు సోమాచారి.

"ఎట్లా తేవాలో నిబంధనలో లేదు. కిటికీలోంచి కనబడాలి, అంతే."

ఆ కిటికీలోంచి కనబడేది ఎదురుగా జానెడు జాగా. సోమాచారి మద్దిచెట్టు బెరడు ముక్క ఒకటి ఈడ్చుకొచ్చి అక్కడ నిలబెట్టాడు. మాణిక్యాంబ గారు కన్ను ఆనించేలోపు గిజిగాడు వచ్చి బెరడు ముందు గూడు వేలాడదీశాడు. అతనిదీ దరఖాస్తే. గూటి ముందు సాలీడు నేత మొదలుపెట్టింది. సాలెపట్టు ముందు ఎలుగుబంటి తేనెపట్టు పట్టుకుని నిలబడ్డాడు. తమ పట్టు మీద తమకి తెలియకుండా ఎవరో దరఖాస్తు పెట్టారని విని తేనెటీగలూ వచ్చాయి. కింద ఏదుపంది కలుగు తవ్వుతూ, తవ్వినప్పుడల్లా ఎలుగుబంటికి ముళ్లు గుచ్చింది. ఎలుగుబంటి కిక్కురుమనలేదు. కదిలితే చోటు పోతుంది.

రెండు రోజుల్లో కిటికీలోకి వెలుతురు రావడం కూడా మానేసింది. మాణిక్యాంబ గారు అందరి దరఖాస్తుల మీదా 'ఏమీ కనబడుట లేదు' అని రాసి తిప్పి పంపారు. పథకం మొదలయ్యాక ఆ కార్యాలయంలో రాసిన మొదటి నిజం అదేనని గుడ్లగూబ అంది. గుడ్లగూబ ఇలాంటివి పగలు అనదు.

ఎనిమిదో రోజున పరాంకుశం వచ్చి గుంపుని వెనక్కి తోయించి, స్థలాన్ని తెచ్చే సవరణ రద్దు చేసి, టోకెన్లు పెట్టాడు. "టోకెన్ లేనిదే కిటికీ దగ్గరికి ఎవరూ రాకూడదు. ఎంతటివాడైనా సరే. మినహాయింపులు లేవు."

ఆ చివరి మాట మృగరాజుకి నచ్చింది. అందుకని వరాలమ్మ దాన్ని అడవిలో మూడుసార్లు చెప్పింది.

సోమాచారికి ఒకటో నంబరు దక్కింది. మాణిక్యాంబగారి ఆయనకి నూట నలభై ఏడు.

మాణిక్యాంబగారి ఆయన ఉత్తముడు. ఆయన్ని పేరు పెట్టి పిలవనిది పేరు లేక కాదు, ఎవరూ అడగలేదు. ఆయన రోజూలాగే మిగలపండిన మేడిపండు ముక్కున కరుచుకుని భార్య దగ్గరికి వస్తే, చేతిలో టోకెన్ పెట్టి వరుస చివరికి పంపారు.

"ఏం కావాలయ్యా నీకు?" అని పరాంకుశం అడిగాడు.

"ఊఁ," అన్నాడాయన.

"దరఖాస్తు ఏది?"

"ఊఁ."

నోరు తెరిస్తే పండు పడుతుంది. పడితే వెనకున్న కోతి ఊరుకోదు. అందుకని ఆయన నోరు తెరవలేదు. అసలు పెళ్లయినప్పటినుంచీ ఆయనకి ఆ అలవాటు తక్కువే.

వెనకున్న కోతి ఆయన్ని కిందినుంచి పైకి పరిశీలించింది. అధికారిగారి భర్తే పండు పట్టుకుని నిలబడ్డాడంటే, పండు జతపరచాలన్నమాట. వెళ్లి ఒక జామపండు తెచ్చుకుంది. దాన్ని చూసి దాని వెనకవాడు తెచ్చుకున్నాడు. పొద్దుగూకేసరికి నూట నలభై ఎనిమిది నుంచి వరుస కొసదాకా అందరి నోళ్లలోనూ పళ్లు. అంత నిశ్శబ్దంగా నడిచిన కార్యాలయం ఆ అడవిలో ముందూ లేదు, తర్వాతా లేదు. కోతి మాత్రం నాలుగుసార్లు వెళ్లి కొత్త పండు తెచ్చుకోవలసి వచ్చింది.

ఆయన ముందున్న నూట నలభై ఆరుమందీ ఉత్త నోళ్లతో ఉన్నారు. వరుస కదలడం లేదు. ఒకటో నంబరు తేలితే గానీ రెండో నంబరుని పిలవరు. ఒకటో నంబరు తేలాలంటే స్థలం చూడాలి. స్థలం చూడాలంటే ఈకలు రావాలి.

పదో రోజు పొద్దున్న వరాలమ్మ వచ్చింది. ఎప్పుడూ గలగలలాడేది, ఆ రోజు బరువుగా వాలింది.

"ఆచారన్నా, ఎల్లుండే. కొమ్మ మీద పెట్టేదాన్ని కాను, నేలమీద పెట్టేదాన్ని కాను. ఉడుము అప్పుడే నావైపు చూసి నాలిక చాపుతోంది."

సోమాచారి కిటికీకి దగ్గరగా జరిగాడు. లోపలినుంచి నీరసంగా మాట వినబడింది.

"బయట ఎవరు?"

"ఒకటో నంబరు అమ్మగారూ. సోమాచారిని."

"మా ఆయన ఎక్కడున్నారు?"

"నూట నలభై ఏడులో."

"ఎప్పటికి వస్తారు?"

"నాది తేలాక, ఇంకో నూట నలభై అయిదుగురివి తేలాక."

"పండు మొహం చూసి రెండు రోజులైంది ఆచారీ. గుడ్ల మీద కూర్చున్నాను. లేస్తే చల్లబడిపోతాయి. తలుపు తీద్దామంటే మట్టి రాయైపోయింది. తీసినా ఉడుముకి దారిచ్చినట్టే. వెనకవైపు చిన్న కన్నం పెట్టు. ఆయన ముక్కు పడితే చాలు."

సోమాచారి ముక్కు ఎత్తాడు. మళ్లీ దించాడు.

"పెడతానమ్మగారూ. మరి అనుమతి?"

వెటకారానికి అనలేదు. అతనికి వెటకారం రాదు. పరాంకుశం పక్కనే ఉన్నాడు, ఆయన కాలి దగ్గర దొప్ప నిండా తుమ్మబంక ఉంది.

మాణిక్యాంబ గారు టేకాకు లాక్కున్నారు. అడవి పుట్టాక అంత వేగంగా కదిలిన ఆకు లేదు. 'ఒక రంధ్రమునకు అనుమతి' అని రాశారు. స్థల పరిశీలన అన్నచోట 'చూడడమైనది' అని రాశారు. చీమల సంతకం అన్నచోట ఏమీ రాయలేదు. ఎక్కడ అన్నచోట 'నా తొర్రకి వెనకవైపు' అని రాయబోయి ఆగిపోయారు. ఒకే కిటికీ అధికారి తనకి తనే రెండో కిటికీ మంజూరు చేసుకుందంటే నలుగురూ నవ్వుతారు. కాసేపు ఆలోచించి 'అత్యవసరమైన చోట' అని రాసి, ఆకు బయటికి తోశారు.

సోమాచారి ఆకు పరాంకుశానికి చూపించి చెట్టు వెనక్కి వెళ్లాడు. మధ్యాహ్నానికి కన్నం పడింది. మాణిక్యాంబగారి ఆయన్ని రెక్క పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు. ఆయన పండు అందించి, రెండు రోజుల తర్వాత మొదటిసారి నోరు తెరిచి, "బాగున్నావా?" అన్నాడు. లోపలినుంచి వచ్చిన జవాబు ఇక్కడ చెప్పేది కాదు.

సోమాచారి అక్కడ ఆగలేదు. అదే ఆకు పట్టుకుని మద్దిచెట్టు దగ్గరికి ఎగిరాడు. చీమల పెద్ద దాన్ని ఈ కొసనుంచి ఆ కొసదాకా నడిచి చదివింది.

"మా సంతకం లేకుండా ఎట్లా ఇచ్చారు?" అని నిలదీసింది.

"పైవాళ్లకి ఫిర్యాదు పెట్టుకో అమ్మా," అన్నాడు సోమాచారి. ఫిర్యాదు పెట్టడానికి నిలబడ్డ చీమలు సాయంత్రానికి కొద్దిగా తగ్గాయి.

పన్నెండో రోజు పరాంకుశం తనిఖీకి వచ్చేసరికి వరాలమ్మ కొత్త తొర్రలో కూర్చుని ఉంది. కింద మూడు తెల్లటి గుడ్లున్నాయి. ఆయన తుమ్మబంక దొప్ప వెంట తెచ్చుకున్నాడు.

"ఏమయ్యా ఆచారీ. ఒక రంధ్రానికి అనుమతి తీసుకుని రెండు పెట్టావు. ముక్కు చాపు."

సోమాచారి ముక్కు చాపాడు. చాపి, నెమ్మదిగా అడిగాడు.

"రెండోది ఎక్కడుందండీ?"

"ఎక్కడేమిటి? అధికారిగారి తొర్రకి వెనకవైపు."

"అంటే ఆ కార్యాలయానికి రెండు కిటికీలున్నాయని తమరు రాస్తారాండీ? మృగరాజుగారు ఒకటే అని చాటింపు వేయించారు. వేసింది ఈ చిలకమ్మే."

"మినహాయింపులు లేవని మూడుసార్లు వేశాను," అంది వరాలమ్మ లోపలినుంచి.

పరాంకుశం కాలు మార్చాడు. మళ్లీ మార్చాడు. ఉన్నవి రెండే కాళ్లు కాబట్టి మూడోసారి ఏం చెయ్యాలో తెలియక రెండింటి మీదా నిలబడ్డాడు. అట్లా ఆయన్ని ఎవరూ అంతకుముందు చూడలేదు.

"వెనకవైపు ఏమీ లేదు," అన్నాడు చివరికి.

"నేనూ అదే అంటున్నానండీ."

"అనుమతించిన రంధ్రం ఇదే."

"అత్యవసరమైన చోట," అన్నాడు సోమాచారి, ఆకు చూపించి.

దొప్ప ఎట్లా వచ్చిందో అట్లాగే వెళ్లిపోయింది. మూడో వారానికి వరాలమ్మ గుడ్లు పిల్లలయ్యాయి. అవి మొదట నేర్చుకున్న మాట 'మినహాయింపులు లేవు'.

తాని చెట్టు వెనక ఏమీ లేదని ఖాయమయ్యాక, అక్కడికి వెళ్లడానికి ఎవరికీ టోకెన్ అక్కర్లేకపోయింది. మొదట కోతి వెళ్లింది, ఈసారి తినకుండా పట్టుకెళ్లిన పండుతో. గంటలో అనుమతి ఆకుతో తిరిగొచ్చింది. మర్నాటికి గిజిగాడు, ఏదుపంది, ఎలుగుబంటి. మాణిక్యాంబగారి ఆయన ఇప్పుడు పళ్లకోసం తిరగడం లేదు. చెట్టు వెనక కొమ్మ మీద కూర్చుని ఏ పండు పండిందో, ఏది పచ్చిదో చూసి లోపలికి పంపుతున్నాడు. ఆయన పేరు అడిగేవాళ్లు కూడా ఎక్కువయ్యారు.

నెల తిరిగాక మృగరాజు స్వయంగా వచ్చి తాని చెట్టు ముందు నిలబడ్డాడు. కిటికీ దగ్గర పురుగు లేదు.

"రద్దీ ఏమైంది?" అన్నాడు.

"అందరి పనులూ అయిపోయాయి ప్రభూ," అన్నాడు పరాంకుశం, కళ్లు మూసుకుని. అందులో అబద్ధం లేదు.

ఈ విజయం చూసి నేర్చుకోవడానికి పొరుగు అడవినుంచి ఒక బృందం వచ్చింది. ముందువైపు కిటికీ చూసి తల ఊపారు, దండలు వేయించుకున్నారు, విందు తిన్నారు. వెళ్లేముందు వాళ్ల పెద్ద సోమాచారిని పక్కకి పిలిచాడు.

"మా అడవికి ఒకసారి రావాలి ఆచారిగారూ. మాకూ వెనకవైపు ఉంది గానీ, ఎప్పటిదో, మరీ ఇరుకైపోయింది."

నీతి: అడవిలో పని జరగడానికి ఒకే కిటికీ చాలు, కాకపోతే అది వెనకవైపు ఉండాలి.